టెక్కలి నుంచి టెక్కాకి

"నాన్నా, యూనివర్సల్ స్టూడియోస్ ఎప్పుడు?"

ఛాంగీ ఎయిర్‌పోర్టులో విమానం దిగి పావుగంట కాలేదు. బ్యాగులింకా బెల్టు మీదకి రాలేదు. మావాడి మొదటి మాట ఇది.

"ఆఖరి రోజు. ముందు రెండు రోజులూ నేను చెప్పిన చోట్లు. ఒప్పందం గుర్తుందా?"

"ఆఁ, ఉంది" అన్నాడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

వాడికి 15 ఏళ్లు. మొన్నే పదో తరగతి గట్టెక్కాడు. నాకు 40. విశాఖపట్నంలో, గాజువాకలో చిన్న చిన్న బిల్డింగ్ కాంట్రాక్టులు చేసుకుంటాను. పదో తరగతి అయ్యాక సింగపూర్ తీసుకెళ్తానని వాడికి ఎప్పుడో మాటిచ్చాను. మార్కులతో పనిలేదని కూడా చెప్పాను. నిజం చెప్పాలంటే ఆ ప్రయాణం వాడికోసం కాదు, నాకోసం. ఆ సంగతి వాడికి చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పలేదు. దాని గురించే ఇదంతా రాస్తున్నాను.

* * *

సింగపూర్‌లో ఆరేళ్లు ఉన్నానంటే చాలు, "ఏ కంపెనీ అండీ? జావానా, టెస్టింగా?" అని అడుగుతారు. "కాదండీ, రాడ్డు" అంటాను. అర్థంకాక చూస్తారు. ఇనుప రాడ్లు వంచి, కోసి, కాంక్రీటు పోసేముందు తీగతో కట్టే పని. మా భాషలో రాడ్ బెండింగ్.

మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర ఒక పల్లె. ఐటీఐ చదివి కొన్నాళ్లు విశాఖలో పనిచేశాను. 2010 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారానికి, చెన్నైలో విమానం ఎక్కాను. ఏజెంటుకి కట్టిన రూ.2.5 లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి. అప్పటికి మా ఆవిడకి ఐదో నెల.

వెళ్లిన మొదటి ఆదివారం, గదిలో పాతవాళ్లు "టెక్కాకి పోదాం రా" అన్నారు. నాకు ఒక్కసారిగా గుండె ఝల్లుమంది. టెక్కలికా? అప్పుడేనా? తర్వాత తెలిసింది, టెక్కా అంటే లిటిల్ ఇండియాలో ఉన్న పెద్ద మార్కెట్టు అని. చైనావాళ్ల హొక్కియన్ భాషలో 'వెదురు పొదల మొదలు' అని అర్థమట. నాకు మాత్రం ఆ రోజునుంచీ అది మా టెక్కలికి దీర్ఘం పెట్టి 'లి' తీసేసిన ఊరే. అక్కడ కరివేపాకు దొరికింది. ములక్కాడలు దొరికాయి. ఆ రోజు కరివేపాకు రెమ్మ ఒకటి చేత్తో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుని బస్సులో డార్మ్ దాకా వెళ్లాను. పక్కసీటు చైనా ముసలాయన నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు.

మావాడు ఆ మే నెలలో పుట్టాడు. ఆ కబురు నాకు ఓ లారీలో తెలిసింది. సైటు నుంచి డార్మ్‌కి లారీ వెనకాల కూర్చోబెట్టి తీసుకెళ్లేవారు. గాలి హోరులో మా బావమరిది గొంతు సగమే వినబడింది. "బాబు... బాబు..." అన్నది మాత్రం వినబడింది. పక్కనున్న బంగ్లాదేశ్ కుర్రాడు నా మొహం చూసి, ఏమీ అడక్కుండానే, తన జేబులోంచి చాక్లెట్ తీసి నా నోట్లో పెట్టాడు.

వాణ్ణి నేను మొదటిసారి చూసింది 2012 సంక్రాంతికి. అప్పటికి వాడికి ఏడాదిన్నర దాటింది. ఎత్తుకుంటే ఏడ్చాడు. వాళ్లమ్మ "నాన్నరా" అంటే మొబైల్ ఫోన్ వైపు వేలు చూపించాడు. వాడి లెక్కలో నాన్న అందులో ఉంటాడు. ఆరేళ్లలో నేను ఇంటికి వెళ్లింది రెండుసార్లే. చాన్నాళ్లు వాడు నన్ను 'ఫోన్ నాన్న' అనేవాడు. ఇప్పటికీ చుట్టాలు కలిస్తే ఆ మాట చెప్పి నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

* * *

ఈసారి విశాఖ నుంచే నేరుగా విమానం. రాత్రి ఎక్కితే తెల్లారేసరికి సింగపూర్. మా ఆవిడ రాలేదు. మా అమ్మకి మోకాలి ఆపరేషన్ అయి నెలే అయింది. అదొక కారణం. "ఆ ఊరితో నాకేటి పని? మీరిద్దరూ ఎల్లిరండి" అన్నది రెండో కారణం. రెండోదే అసలుది.

శనివారం పొద్దున్న లిటిల్ ఇండియాలో చిన్న హోటల్లో దిగి, ముందు పెరుమాళ్ గుడికి వెళ్లాం. సెరంగూన్ రోడ్డులో, పంతొమ్మిదో శతాబ్దం నాటి శ్రీనివాస పెరుమాళ్ ఆలయం. తైపూసం వచ్చిందంటే కావళ్లు ఎత్తుకుని జనం బయల్దేరేది ఇక్కణ్ణించే. నాకు మాత్రం అది పులిహోర వాసన. వెళ్లిన కొత్తలో, పొద్దున్నే కట్టించి ఇచ్చే కేటరింగ్ ప్యాకెట్ మధ్యాహ్నానికి పులిసిపోయి, ఆకలితో గడిపిన వారం తర్వాత ఒక ఆదివారం ఈ గుమ్మం దగ్గర చేతిలో పడిన ప్రసాదం. మావాడికి అదంతా చెప్పాను. "ఊఁ" అన్నాడు. గోపురం ఫోటో ఒకటి తీశాడు.

అక్కణ్ణించి ముస్తఫా సెంటర్. అప్పట్లో అది 24 గంటలూ తెరిచే ఉండేది. రాత్రి రెండింటికి ఓటీ దిగి, నిద్ర రాకపోతే, లోపల ఊరికే తిరిగేవాణ్ణి. కొనడానికి కాదు, చల్లగా ఉంటుందని. వాడు పుట్టాక మొదటి బూట్లు కొన్నది అక్కడే. కొలత ఎలా? ఫోన్‌లో అడిగితే మా ఆవిడ "నా చూపుడువేలంత పాదం" అంది. ముస్తఫాలో అమ్మే అమ్మాయి ముందు నా చూపుడువేలు చాపి, కొంచెం తగ్గించి చూపించాను. ఆమె నవ్వి ఒక జత ఇచ్చింది. నీలం రంగువి, నడిస్తే కీచుమనేవి. అవి నా ట్రంకు పెట్టెలోనే ఏడాది ఉన్నాయి. ఊరికి తీసుకెళ్లేసరికి వాడి పాదం వాటిలో సగం కూడా దూరలేదు.

"ఇప్పుడెక్కడున్నాయవి?" అన్నాడు మావాడు. ఆ రోజంతటిలో వాడు అడిగిన మొదటి ప్రశ్న అది.

"మీ అమ్మ ఎవరికో ఇచ్చేసినట్టుంది."

"లేదు. బీరువా అడుగున ఉన్నాయి. నేను చూశాను. ఎవరివో అనుకున్నాను" అన్నాడు. అని, వాడే ముందుకి నడిచి స్పోర్ట్స్ షూ ఉన్న వైపు వెళ్లిపోయాడు. వాడికి ఇప్పుడు నాకంటే ఒక సైజు పెద్దది కావాలి.

* * *

సాయంత్రం బూగిస్ దగ్గర ఐస్‌క్రీమ్ బండి కనబడింది. ఎండకి గొడుగు, కింద పెట్టె, వెనక ఒక ముసలాయన. సింగపూర్ వెళ్తే మీరు తప్పకుండా తినాల్సింది ఇదొకటి. ఐస్‌క్రీమ్ దిమ్మని కత్తితో ఇటుకముక్కలా కోసి, రంగురంగుల బ్రెడ్ ముక్కలో మడిచి ఇస్తారు. ఆకుపచ్చ, గులాబీ కలిసిన బ్రెడ్డు. వినడానికి వింతగా ఉంటుంది. తింటే వదలరు. జీతం పడిన ఆదివారం ఒకటి తినేవాణ్ణి. డాలరుని రూపాయల్లోకి మార్చి లెక్కేసుకోకుండా నేను పెట్టిన ఖర్చు ఆ ఆరేళ్లలో అదొక్కటే. నేను వెళ్లినప్పుడు డాలరు రూ.33 చిల్లర. ఇప్పుడు రూ.60 దాటి ఎప్పుడో పైకి పోయింది. అయినా ఇద్దరికీ రెండు కొన్నాను.

అవి తింటూ మెరీనా బ్యారేజికి వెళ్లాం. సముద్రపు ఉప్పునీళ్లు లోపలికి రాకుండా కట్టిన ఆనకట్ట అది. 2008లో తెరిచారు. దానికి పక్కనున్న భవనం పైకప్పంతా పచ్చగడ్డే. టికెట్టు లేదు. సెలవురోజుల్లో జనం ఆ గడ్డి మీద గాలిపటాలు ఎగరేస్తారు. ఒకవైపు మెరీనా బే సాండ్స్, మూడు టవర్ల మీద పడవ పెట్టినట్టు. ఇంకోవైపు సముద్రంలో లంగరేసిన ఓడలు. దూరంగా ఆ ఓడలు చూస్తే నాకు మా భావనపాడు తీరం గుర్తొచ్చేది. నా పై బంకులో పడుకునే బంగ్లాదేశ్ కుర్రాడూ నేనూ కలిసి ఒక గాలిపటం కొన్నాం. ఎర్రది, గద్ద ఆకారంలో. అతనికి హిందీ కొంచెం వచ్చు, నాకు ఇంకా కొంచెం. గాలిపటానికి భాష అక్కర్లేదు కదా. పొద్దుగూకేదాకా, అక్కడ రాత్రి ఏడింటిదాకా వెలుగుంటుంది, ఒకరి తర్వాత ఒకరం దారం పట్టుకునేవాళ్లం.

ఇదంతా ఎంత ఉత్సాహంగా చెప్పానో నాకే తెలీదు. చేతులు ఊపుతూ, గాలిపటం ఎంత ఎత్తుకి వెళ్లేదో చూపిస్తూ చెప్పాను. మావాడు నన్నే చూస్తున్నాడు. ఐస్‌క్రీమ్ కారి వాడి మణికట్టు మీద పడుతోంది.

"నాన్నా, నువ్విక్కడ హ్యాపీగా ఉన్నావా?"

ప్రశ్న మామూలుగానే అడిగాడు. కానీ నాకు వెంటనే మాట రాలేదు.

ఎందుకంటే ఇంట్లో మేం చెప్పుకునే కథ వేరు. నాన్న కష్టపడ్డాడు. నాన్న లారీల్లో తిరిగాడు, పులిసిన అన్నం తిన్నాడు, 12 మంది ఉన్న గదిలో పడుకున్నాడు. మనకోసం. అందుకే మనకి ఇల్లుంది. ఆ కథ అబద్ధం కాదు. వాడు మారాం చేసినప్పుడల్లా వాళ్ల నానమ్మ ఆ కథే చెప్పేది. "మీ నాన్న అక్కడ ఏడుస్తన్నాడు, నువ్విక్కడ ఏడవకు" అనేది. ఆ కథలో గాలిపటం లేదు. ఐస్‌క్రీమ్ లేదు.

"కొన్నిసార్లు ఉన్నాను" అన్నాను.

"నేను ఏడుస్తున్నప్పుడు కూడానా?"

"నువ్వు ఏడుస్తున్నట్టు నాకు తెలిసేది కాదురా."

"మరి నానమ్మ, నువ్వు రోజూ ఏడుస్తావని చెప్పేది."

"రోజూ కాదు" అన్నాను.

వాడింకేమీ అనలేదు. గడ్డి మీద వెల్లకిలా పడుకుని గాలిపటాలు చూశాడు. ఎల్‌ఈడీ దీపాలు కట్టిన గాలిపటం ఒకటి పైకి లేచింది. మా కాలంలో అవి చూసిన గుర్తు లేదు.

* * *

మర్నాడు ఆదివారం. కావాలనే ఆదివారం వచ్చేలా టికెట్లు తీశాను. లిటిల్ ఇండియాని ఆదివారం సాయంత్రం చూడాలి. రేస్ కోర్స్ రోడ్డు పక్కన పచ్చిక మీద వందలమంది కుర్రాళ్లు గుంపులు గుంపులుగా కూర్చుని ఉంటారు. తమిళం, బెంగాలీ, మధ్యలో ఎక్కడో మన తెలుగు. ఆరు రోజులు పనిచేసి, ఏడో రోజు సొంతభాష వినడానికి వచ్చినవాళ్లు. నేనూ అక్కడే కూర్చునేవాణ్ణి. కాలింగ్ కార్డు గీకి, కార్డు మీద నంబరూ, ఇంటి నంబరూ వరసగా నొక్కి, గంట మోగితే వెనక్కి వాలేవాణ్ణి.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ వీడియో కాల్సే. మాకు నాలుగడుగుల దూరంలో ఒకతను, ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో ఉంటాయి, ఫోన్ గడ్డిలో నిలబెట్టి, దాని ముందు బోర్లా పడుకుని మాట్లాడుతున్నాడు. తెరమీద ఒక పాప. అతను ముక్కుతో ఏనుగులా శబ్దం చేస్తున్నాడు. పాప నవ్వుతోంది. కాసేపటికి పాప విసుగుపుట్టి లేచి వెళ్లిపోయింది. ఖాళీ గోడ ఒకటే కనబడుతోంది తెరమీద. అతను ఇంకా కాసేపు ఆ గోడనే చూస్తూ ఉండిపోయాడు.

మావాడు అదంతా చూశాడు. ఫోన్ జేబులో పెట్టేశాడు.

"రా, నీకు అసలుది చూపిస్తా" అని లేపాను.

రోచోర్ స్టేషన్. లిటిల్ ఇండియా నుంచి ఒక్క స్టాపే. నడిచినా వెళ్లొచ్చు. నేను రైల్లోనే తీసుకెళ్లాను. డౌన్‌టౌన్ లైను, నీలం రంగు. డ్రైవర్ లేని రైలు. ముందు అద్దం దగ్గర నిలబడితే సొరంగం మనవైపే వస్తున్నట్టుంటుంది. వాడు అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. దిగాక, ప్లాట్‌ఫారం చివరికి తీసుకెళ్లి గోడమీద చెయ్యి పెట్టాను.

"దీని వెనకాల ఉన్నాను నేను."

వాడికి అర్థం కాలేదు. చెప్పాను. పైన రోడ్డు, పక్కన రోచోర్ కాలువ. ఊరి నడిబొడ్డు. కింద సముద్రపు బంకమట్టి, మైనంలా జారిపోయే మట్టి. స్టేషన్ కట్టాలంటే రోడ్డుని జరపాలి. కాలువని కూడా జరపాలి. పారే కాలువని పక్కకి మళ్లించి, దాని చోట తవ్వి, పైన బస్సులు తిరుగుతుండగానే కింద గోడలు కట్టాం. భూమిలోకి లోతుగా దింపే ఆ గోడల్లో పెట్టే ఇనుప పంజరాలు మేం కట్టేవాళ్లం. ఒక్కో పంజరం మా ఊరి తాటిచెట్టుకంటే పొడుగు. క్రేను ఎత్తి కిందకి దింపుతుంటే ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం.

నేను వెళ్లిన మొదటి ఏడాది అపార్ట్‌మెంట్ల సైట్లో చేశాను. అక్కడ నేనొక చెయ్యిని, అంతే. ఇక్కడికొచ్చాక ఒక ఇంజినీరు నాకు డ్రాయింగ్ చదవడం నేర్పించాడు. 2013 నాటికి పదిమందికి పని చెప్పేవాణ్ణి. పొద్దున్న డ్రాయింగ్ పరిచి, ఏ రాడ్డు ఎక్కడ పడాలో చెప్తుంటే నాకంటే పెద్దవాళ్లు తలూపేవారు. మా ఊళ్లో నా మాటకి ఎవరు తలూపారు అప్పటిదాకా?

మావాడు వీడియో తీస్తున్నాడు. తీస్తూనే అడిగాడు. "మరి అప్పు ఎప్పుడు తీరింది నాన్నా?"

వాడికి లెక్కలంటే ఇష్టం. ఊరికే అడిగాడనుకుంటాను. నేను అబద్ధం చెప్పుండొచ్చు. పన్నెండేళ్లుగా చెప్తున్నదే.

"2012 దసరాకి."

"ఇల్లు?"

"2013 చివరికి స్లాబు పడిపోయింది."

"మరి నువ్వొచ్చింది 2016లో కదా?"

రైలొచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. జనం దిగారు, ఎక్కారు. తలుపులు మూసుకున్నాయి.

చెప్పాను. 2013 డిసెంబర్ 8, ఆదివారం. ఆ రాత్రి రేస్ కోర్స్ రోడ్డులో ఒక బస్సు కింద పడి తమిళనాడు నుంచి వచ్చిన కార్మికుడొకడు చనిపోయాడు. దాంతో పెద్ద గొడవైంది. పోలీసు వాహనాలు తిరగబడ్డాయి, అంబులెన్సు తగలబడింది. సింగపూర్‌లో నలభై ఏళ్లకి పైగా అలాంటిది జరగలేదన్నారు. నేను మధ్యాహ్నమే డార్మ్‌కి వెళ్లిపోయాను కాబట్టి అక్కడ లేను. కానీ టీవీలో మంటలు చూసి మీ అమ్మ ఫోన్ చేసింది. ఏడ్చింది. "అప్పు తీరింది కదా, ఇల్లు అయింది కదా, వచ్చేయండి. బాబు మిమ్మల్ని అడుగుతన్నాడు" అంది. నా పర్మిట్ వచ్చే జనవరితో అయిపోతుంది. మా బ్యాచ్ వాళ్లు చాలామంది వెళ్లిపోతున్నారు. నేనూ రావచ్చు.

"నేనేం చెప్పానో తెలుసా? కాంట్రాక్టు ఇంకా రెండేళ్లు ఉంది, మధ్యలో వస్తే డబ్బు కట్టాలి అని చెప్పాను. అప్పటికింకా నేను సంతకం కూడా పెట్టలేదు. ఆ తర్వాత వారం పెట్టాను."

"ఎందుకు?"

"రైలు నడవడం చూద్దామని."

నా చెవులకే అది చాలా చిన్న మాటలా వినబడింది. వాడు ఫోన్ దించేశాడు. వీడియో ఇంకా తిరుగుతూనే ఉందనుకుంటాను.

2015 డిసెంబర్ 27న ఈ లైను తెరిచారు. బుకిట్ పాంజాంగ్ నుంచి ఇక్కడిదాకా, 12 స్టేషన్లు, 16.6 కిలోమీటర్లు. అదీ ఆదివారమే. పొద్దున్నే వచ్చి ఎక్కాను. ఈ చివర్నుంచి ఆ చివరికి, మళ్లీ వెనక్కి, మూడుసార్లు తిరిగాను. పక్కనున్నవాళ్లు ఫోటోలు తీసుకుంటున్నారు. ఎవరికైనా చెప్పాలనిపించింది, ఈ గోడ నాది అని. ఎవరికీ చెప్పలేదు. రెండు వారాల్లో ఇంటికొచ్చేశాను. అప్పటికి వాడికి ఆరో ఏడు నడుస్తోంది. నన్ను చూసి తలుపు వెనక్కి వెళ్లాడు.

"అమ్మకి చెప్పావా ఇది?" అన్నాడు మావాడు.

"లేదు."

"చెప్పు."

అంతే అన్నాడు. అరవలేదు, ఏడవలేదు. తర్వాతి రైలెక్కి, నాకు ఎదురుగా ఉన్న సీట్లో కాక, తలుపు దగ్గర నిలబడ్డాడు. హోటల్‌కి వెళ్లేదాకా నాతో మాట్లాడలేదు.

* * *

సోమవారం యూనివర్సల్ స్టూడియోస్. అది తెరిచింది నేను వెళ్లిన ఏడాదే, 2010లో. ఆరేళ్లలో ఒక్కసారి కూడా లోపలికి వెళ్లలేదు. టికెట్టు ధర నా నాలుగు రోజుల జీతం. ఈసారి కూడా వాడికొక్కడికే తీశాను. "నాకు కళ్లు తిరుగుతాయి, నువ్వెళ్లు" అన్నాను. కళ్లు తిరిగేది రైడ్లకి కాదని వాడికీ తెలుసు.

గేటు ముందు పెద్ద గ్లోబు తిరుగుతూ ఉంటుంది, చుట్టూ పొగమంచు. వాడు దాని దగ్గర ఆగి, ఫోన్ నా చేతికిచ్చి, ఒక చెయ్యి నడుం మీద పెట్టి, కొంచెం పక్కకి తిరిగి నిలబడ్డాడు.

అప్పుడు గుర్తొచ్చింది. మా ఇంట్లో గోడమీద చాలాకాలం నాదొక ఫోటో ఉండేది. సింగపూర్ నుంచి పంపిన ఒకే ఒక్క మంచి ఫోటో. ఈ గ్లోబు ముందు, ఇదే భంగిమలో. గ్లోబు దగ్గరికి టికెట్టు అక్కర్లేదు కదా.

"చిన్నప్పుడు నువ్విందులోనే ఉంటావనుకునేవాణ్ణి" అన్నాడు. "బళ్లో అందరికీ అదే చెప్పాను. అందుకే చూద్దామనుకున్నా, లోపల ఏముందో."

నాకు నోట మాట రాలేదు. ఫోటో తీశాను. చెయ్యి కదిలిపోయి మొదటిది పాడైంది. రెండోది బాగా వచ్చింది.

వాడు లోపల ఆరు గంటలున్నాడు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. గ్లోబు ముందు ఫోటోలు తీసుకునేవాళ్లని చూస్తూ. మధ్యలో వాన పడింది, ఆగింది. ఫోన్‌లో చార్జింగు పది శాతానికి వచ్చింది. వాడు ఫోన్ చేస్తే ఎలా అని భయమేసి వాడడం ఆపేశాను. నాలుగో గంటలో, ఇంకెంతసేపు అని చిరాకు కూడా వచ్చింది. వచ్చాక సిగ్గేసింది.

బయటికొచ్చాడు, జుట్టంతా తడిసి, మొహం వెలిగిపోతూ.

"చాలాసేపైందా?"

"ఆరు గంటలు. కాళ్లు పట్టేశాయిరా."

"ఆరు గంటలకేనా?" అన్నాడు. అని నవ్వాడు. అది క్షమించడమో కాదో నాకు తెలీదు. తడి చేతిని నా భుజం మీద వేసి, రైలు స్టేషన్ ఎటో తనే చూపించాడు.

* * *

ఇంటికొచ్చిన రెండోరోజు సాయంత్రం మా ఆవిడ వంటింట్లో బెండకాయలు తరుగుతోంది. మావాడు హాల్లో ఉన్నాడు. టీవీ సౌండు తగ్గించాడు. నా వైపు చూడలేదు కానీ, తగ్గించాడు.

చెప్పాను. కాంట్రాక్టు అప్పటికి లేదని, తర్వాత సంతకం పెట్టానని.

కత్తి ఆగలేదు. "తెలుసు" అంది. "మీ బ్యాచీలోవోళ్లందరూ ఆ సంక్రాంతికే వచ్చేసినారు. నాకు లెక్కలు రావనుకున్నారేటి?"

"మరి అడగలేదేం?"

"అడిగితే ఏటి చెప్పేవోరు?"

సమాధానం లేదు నా దగ్గర. ఆమె బెండకాయలన్నీ తరిగి, పళ్లెం పక్కన పెట్టి, చేతులు కడుక్కుంది. చీర కొంగుకి తుడుచుకుంటూ హాల్లోకి వెళ్లి కొడుకు పక్కన కూర్చుంది.

"ఏదీ, ఆ స్టేషన్ చూపించు. వీడియో తీశావట కదా."

వాడు ఫోన్ ఇచ్చాడు. ఆమె మొదటినుంచీ చూసింది. రైలు, ఎస్కలేటర్లు, గోడమీద నా చెయ్యి. నా గొంతు. చివరికి వాడు ఫోన్ దించేశాక కనబడే నేల, మా ఇద్దరి చెప్పులు, ఆ మాటలు. అన్నీ చూసింది. అయిపోయాక వెనక్కి జరిపి, గోడ దగ్గర ఆపింది. తెరని కళ్ల దగ్గరగా పెట్టుకుంది.

"ఇందులో ఈయన కట్టింది ఏది?"

"కనబడదమ్మా" అన్నాడు మావాడు. "గోడ వెనకాలుంది."